పాత ఊరి దిబ్బను ముందే పసిగట్టడం: వంశధార, నాగావళి నేలలకు ఒక సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చాలా పల్లెల్లో పెద్దవాళ్ళను కదిపితే ఇదే మాట వినిపిస్తుంది. ఊరికి కొంత దూరంలో ఒక దిబ్బ ఉంది, గట్టి వాన పడితే అక్కడ కుండపెంకులు తేలతాయి, ఒకప్పుడు అక్కడే ఊరుండేదట. అలాంటి దిబ్బల్లో ఎక్కువ భాగం ఏ జాబితాకూ ఎక్కలేదు. ఎక్కేలోపే ట్రాక్టర్లు మట్టి ఎత్తుకుపోతున్నాయి. కొన్నిటిని చదును చేసి వరి వేస్తున్నారు, కొన్నిటి మీద లేఅవుట్లు వెలుస్తున్నాయి. రెండు జిల్లాల నేలను అంగుళం అంగుళం నడిచి వెతకడానికి మనుషులు చాలరు. కాబట్టి ఎక్కడ వెతికితే దొరికే అవకాశం ఎక్కువో ముందే అంచనా వేసుకోవాలి. పురావస్తు పరిశోధకులు దీన్ని ప్రిడిక్టివ్ మోడలింగ్ అంటారు.

దీని వెనక ఉన్న ఆలోచన కష్టమైనదేమీ కాదు. మన పూర్వులు ఊరు కట్టుకునేముందు నీళ్ళు, సాగునేల, వరద భయం, దారి చూసుకున్నారు. తెలిసిన పాత స్థలాలు ఎలాంటి చోట్ల ఉన్నాయో కొలిచి, అలాంటి లక్షణాలున్న చోట్లు ఇంకెక్కడ ఉన్నాయో మ్యాపు మీద చూపించడమే మనం చేసే పని. అమెరికాలో 1970ల చివరి నుంచి ప్రభుత్వ భూముల సర్వేల కోసం ఈ పద్ధతి పెరిగింది. మిన్నెసోటాలో రోడ్ల శాఖ 1990లలో రాష్ట్రం మొత్తానికి ఇలాంటి మ్యాపు తయారు చేయించింది. నెదర్లాండ్స్ దేశమంతటికీ చేసుకుంది. మనకు కావలసిన సాఫ్ట్‌వేరు, ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. డిగ్రీ చదువుతున్న విద్యార్థులు, ఒక మాదిరి ల్యాప్‌టాప్ ఉన్న ఉపాధ్యాయులు ఈ పనికి దిగవచ్చు.

దిగేముందు ఒక మాట. ఉత్తరాంధ్రలో మనకు తెలిసిన ప్రాచీన స్థలాల్లో కొండల మీది బౌద్ధారామాలు, గుళ్ళు ఎక్కువ, మామూలు జనం బతికిన ఊళ్ళు తక్కువ. ఈ జాబితాను ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌కు ఇస్తే అది కొండలనే చూపిస్తుంది, ఎందుకంటే మనం దానికి నేర్పింది కొండలనే. ఈ మార్గదర్శిలో చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రమాదం నుంచి తప్పించుకోవడానికే.

మొదటి అడుగు: ప్రశ్నను కుదించండి

‘పాత ఊళ్ళు ఎక్కడున్నాయి’ అన్నది మరీ వెడల్పాటి ప్రశ్న. ఏ కాలపు ఊళ్ళు, ఏ రకం ఊళ్ళు, ఏ నేల మీద అన్నవి తేల్చుకోవాలి. రాతి పనిముట్ల కాలపు మనిషికీ, తూర్పు గాంగుల నాటి అగ్రహారానికీ స్థలం ఎంపికలో పోలిక ఉండదు. మొదటిసారి చేసేవారికి నా సలహా: క్రీస్తు శకారంభానికి కొన్ని శతాబ్దాలు అటూ ఇటూగా ఉన్న వ్యవసాయ గ్రామాలను తీసుకోండి. శాలిహుండం ఆరామం వెలిగిన కాలం అదే కాబట్టి, దానికి బియ్యం, నూనె, కుండలు సమకూర్చిన పల్లెలు చుట్టుపక్కల ఉండే తీరాలి.

జిల్లా సరిహద్దును అధ్యయన ప్రాంతంగా పెట్టుకోకండి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా విడివడింది, అంతకుముందు 1979లో విజయనగరం ఏర్పడింది. పాలనా గీతలు మారుతూనే ఉంటాయి. నది పరీవాహకాన్ని తీసుకోవడం మేలు. హిరమండలం నుంచి కళింగపట్నం దాకా వంశధారకు రెండు వైపులా పది కిలోమీటర్ల మేర అయితే ఒక చిన్న బృందానికి సరిపోతుంది. విజయనగరం వైపువారు చంపావతిని ఎంచుకోవచ్చు. అది కోనాడ దగ్గర సముద్రంలో కలిసేదాకా కొండ, మెట్ట, పల్లం, తీరం అన్నీ తగులుతాయి.

రెండో అడుగు: తెలిసిన స్థలాల పట్టిక

సగం పని ఇక్కడే ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 1953–54 నుంచి వెలువరించిన వార్షిక సమీక్షలు, శాసన సంపుటాలు, పాత జిల్లా గెజిటీర్లు, విశ్వవిద్యాలయాల్లోని పరిశోధన వ్యాసాలు ముందేసుకుని కూర్చోండి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950లో. అంతకుముందటి రికార్డుల్లో ఇక్కడి ఊళ్ళను గంజాం, విశాఖపట్నం జిల్లాల కింద వెతకాలి. శ్రీకాకుళం ‘చికాకోల్’ అని కనిపిస్తుంది. ఇంగ్లీషు రాతలో ఒకే ఊరు మూడు నాలుగు రూపాల్లో ఉంటుంది కాబట్టి పాత మ్యాపు పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి.

ప్రతి స్థలానికీ అక్షాంశ రేఖాంశాలు, కాలం, రకం, దొరికిన వస్తువులు రాసుకోండి. వీటికి తోడుగా చాలామంది వదిలేసే రెండు గడులు తప్పక పెట్టండి. ఒకటి, స్థానం ఎంత కచ్చితం అన్నది. ‘ఫలానా గ్రామానికి ఉత్తరాన’ అని మాత్రమే రాసి ఉంటే పొరపాటు కిలోమీటరు దాకా ఉండవచ్చు. రెండోది, ఆ స్థలం ఎలా బయటపడింది అన్నది. శాలిహుండాన్ని 1919లో లోకానికి చూపినవారు గిడుగు రామమూర్తి. ఒక పండితుడి ఆసక్తి వల్ల, బావి తవ్వకం వల్ల, రోడ్డు పని వల్ల, పద్ధతి ప్రకారం జరిగిన సర్వే వల్ల బయటపడిన స్థలాలకు ఒకే విలువ ఇవ్వకూడదు. రోడ్డు పక్కన దొరికినవే ఎక్కువగా ఉంటే, రోడ్డుకు దగ్గరగా ఉండడం ప్రాచీనుల అలవాటని మోడల్ నమ్మేస్తుంది.

రకాల విషయంలో పట్టుదలగా ఉండండి. శాలిహుండం వంశధార కుడిగట్టున కొండ మీద ఉన్న ఆరామం. నెల్లిమర్ల దగ్గరి రామతీర్థంలో గురుభక్తులకొండ, బోధికొండ మీద బౌద్ధ, జైన అవశేషాలున్నాయి. ఇవి ధ్యానానికి, యాత్రకు ఎంచుకున్న చోట్లు. సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోట మట్టిగోడల కోట, మైదానంలో ఉంది. శ్రీముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని పండితులు గుర్తించిన నదీతీర నగరం. ఈ నాలుగింటినీ ఒకే వరుసలో వేసి సగటు తీస్తే వచ్చే స్థలంలో ఎవరూ బతికి ఉండరు. ఆరామాలకు ఒక పట్టిక, కోటలకూ నగరాలకూ ఒకటి, పల్లె దిబ్బలకు ఒకటి పెట్టండి. పల్లె దిబ్బల పట్టిక చిన్నగా వస్తుంది. అయినా మనకు కావలసింది అదే.

ఆ పట్టిక పెరగడానికి దారి ఊళ్ళలోనే ఉంది. రెవెన్యూ రికార్డుల్లో, రైతుల నోట పొలాల పేర్లు వినండి. పాటి, పాటిదిబ్బ, కోటదిబ్బ, పాత ఊరు లాంటి పేరున్న ప్రతి చోటునూ గుర్తు పెట్టుకోండి. పొలానికి ఎరువుగా పాటిమట్టి ఎక్కడి నుంచి తోలేవారో అడగండి. మనుషులు తరతరాలుగా బతికిన చోట బూడిద, పేడ, ఎముకలు కలిసి నేల సారవంతమవుతుంది. రైతుకు అది ఎప్పటినుంచో తెలుసు. ఇలా వచ్చిన చోట్లను నేరుగా పాత స్థలాల పట్టికలో వేయకండి. చూసి నిర్ధారించుకున్నాకే చేర్చండి.

మూడో అడుగు: నేల పొరలు

ఇక్కడ పొర అంటే మ్యాపు మీద ఒకదానిపై ఒకటి పరిచే ఒక్కో రకం సమాచారం. ఇందుకు క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేరు చాలు. మొదట కోఆర్డినేట్ల చిక్కు ఒకటి విప్పుకోవాలి. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం శ్రీకాకుళం పట్టణానికి కొంచెం తూర్పుగా పోతుంది. భూమిని నిలువు పట్టీలుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ మండలం అక్కడితో ముగిసి 45వది మొదలవుతుంది. పట్టణం ఒక మండలంలో, కళింగపట్నం ఇంకో మండలంలో పడతాయి. పొరలు కొన్ని ఇందులో, కొన్ని అందులో ఉంటే దూరాల లెక్క మొత్తం తప్పుతుంది. అన్నిటినీ 44 ఉత్తర మండలంలోకే, అంటే సాఫ్ట్‌వేరులో దాని సంకేతమైన ఈపీఎస్‌జీ 32644 లోకే మార్చేయండి. ఇచ్ఛాపురం దగ్గర కూడా తేడా కిలోమీటరుకు సుమారు మీటరున్నరే, మన పనికి అది లెక్కలోకి రాదు. పాత టోపో షీట్లలోనూ ఇదే గీత దగ్గర విభజన ఉంది. పడమర భాగం 65ఎన్ షీట్లలో, తూర్పు భాగం 74బీ షీట్లలో చూడాలి.

ఎత్తుల కోసం 30 మీటర్ల గడుల డీఈఎం, అంటే ప్రతి గడికీ నేల ఎత్తు చెప్పే డిజిటల్ మ్యాపు తీసుకోండి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం, యూరప్ వారి కోపర్నికస్, మన ఇస్రో భువన్‌లో దొరికే కార్టోడెమ్ ఉన్నాయి. రాడార్ కొలతలు చెట్ల తలల ఎత్తును కూడా కలుపుకుంటాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు దట్టంగా ఉన్నచోట లేని మెరక ఉన్నట్టు కనిపిస్తుంది. మూడు మీటర్ల దిబ్బ కోసం వెతికే మనకు ఇది పెద్ద మోసం. చెట్ల ఎత్తును తీసేసిన ఫ్యాబ్‌డెమ్ లాంటి రూపాన్ని అక్కడ వాడండి. ఏ డీఈఎంలోనైనా చిన్న దిబ్బ నేరుగా కనిపిస్తుందని ఆశించవద్దు. వాలు, చుట్టుపక్కల కంటే ఎంత మెరక, వరద నీరు ఎక్కేదెంత అన్న అంచనాలకే అది పనికొస్తుంది.

మిగతా పొరలు క్లుప్తంగా: నేల రకం, రాతి రకం, సముద్రం నుంచి దూరం, కొండ కనుమల నుంచి దూరం. సరళ రేఖలో దూరం కంటే నడకకు పట్టే కాలం మేలైన కొలత. 1993లో భూగోళ శాస్త్రవేత్త టోబ్లర్ ఇచ్చిన సూత్రం వాలును బట్టి నడక వేగాన్ని లెక్కిస్తుంది. క్యూజీఐఎస్‌తో కలిసి పనిచేసే మరో సాఫ్ట్‌వేరు గ్రాస్‌లో దీన్ని నడపవచ్చు. కనుమల వైపు దారులకు ఇది బాగా ఉపకరిస్తుంది, చదునైన తీరంలో పెద్ద తేడా చూపదు.

నీటి పొర దగ్గర మాత్రం కాసేపు ఆగండి. మన తీర మైదానం నిండా గెడ్డలే, అంటే చిన్న వాగులే. డీఈఎం నుంచి కంప్యూటర్ గీసిన వాగులన్నిటినీ నీరుగా లెక్కిస్తే, ఎక్కడ నిలబడినా నీరు దగ్గరే అవుతుంది. అప్పుడు ‘నీటికి దూరం’ అన్న కొలత ఏ చోటునూ మరో చోటు నుంచి వేరు చేయలేదు. వేసవిలోనూ పారే నదులను, వానాకాలపు గెడ్డలను, ఊటబావులు పడే నేలను మూడు వేర్వేరు పొరలుగా పెట్టండి. చెరువులను చివరికి వదలండి. చెరువు వల్ల ఊరు వచ్చిందో, ఊరు వచ్చాక చెరువు తవ్వారో చాలాచోట్ల చెప్పలేం. మనం ఎంచుకున్న కాలం తర్వాత తవ్విన చెరువులు ఎన్నో ఉంటాయి.

నాలుగో అడుగు: నదిని పాత చోటికి జరపండి

ఇది వదిలేస్తే మిగిలిన పనంతా వృథా. ఈనాటి వంశధార రెండు వేల ఏళ్ళ కిందటి వంశధార కాదు. కింది భాగంలో నదులు గట్లు మార్చుకున్నాయి, ముఖద్వారాల దగ్గర ఇసుక చేరి తీరం ముందుకు జరిగింది. సముద్రానికి సమాంతరంగా కనిపించే పాత ఇసుక మెరకల వరుసలు అందుకు గుర్తులు. నేటి తీరరేఖ నుంచి దూరం కొలిస్తే ఒకప్పటి రేవు మోడల్‌కు మైదానపు ఊరిలా కనిపిస్తుంది.

పాత పాయలు గుర్తించడానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు తీసుకోండి. పది మీటర్ల గడులతో ఉచితంగా దొరుకుతాయి. వానాకాలంలో మబ్బులు, ఎక్కడ చూసినా పచ్చదనం, ఏమీ తెలియదు. ఖరీఫ్ కోతలయ్యాక, మినుము, పెసర ఎదిగే రోజుల చిత్రాలు తెరిచి, పరారుణ బ్యాండును ఎరుపుగా పెట్టి చూడండి. పూడిపోయిన పాయల్లో తేమ ఎక్కువకాలం నిలుస్తుంది. చుట్టూ పొలం పాలిపోయినా ఆ మేర పైరు ముదురుగా, వంకర తిరిగిన పట్టీలా కనిపిస్తుంది. పొలం గట్లు కూడా ఆ వంపును అనుసరించి వంగి ఉంటే అది పాత పాయ అనడానికి బలం చేకూరుతుంది. నేను మొదట చూసేది గట్లనే. రంగు ఎరువు వల్ల మారవచ్చు, వంద మంది రైతుల గట్లు ఒకే వంపులో ఊరికే వంగవు.

మరో మంచి ఆధారం అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 వరకు తీసిన ‘కరోనా’ పథకపు ఫొటోలు. 1995లో రహస్య ముద్ర తీసేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ సైటులో మన ప్రాంతపు ఫ్రేము కోసం వెతకండి. మడ్డువలస జలాశయం నీళ్ళ కింద ఇప్పుడు ఏముందో, పట్టణాల చుట్టూ ఇళ్ళు రాకముందు నేల ఎలా ఉండేదో అందులో చూడవచ్చు.

గుర్తించిన పాయలన్నిటినీ ‘పాత నీటి దారి’ అన్న పొరగా గీయండి. నేటి నది పొరతో ఒకసారి, పాత పాయల పొరతో ఒకసారి మోడల్ నడిపి పోల్చండి.

ఐదో అడుగు: లెక్క

స్థలాలు ముప్పై కంటే తక్కువ ఉంటే గణాంక సూత్రాల జోలికి పోకండి. మన పల్లె దిబ్బల పట్టిక చాలామందికి ఇంతకంటే తక్కువే వస్తుంది. అప్పుడు తూకాల పద్ధతి చాలు. ప్రతి పొరనూ సున్నా నుంచి ఒకటి వరకు మార్కులుగా మార్చి, ప్రాధాన్యాన్ని బట్టి తూకం ఇచ్చి, మ్యాపు గడుల విలువలను లెక్కగట్టే రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో కూడండి. నా అనుభవంలో వ్యవసాయ పల్లెలకు ఎక్కువ తూకం ఇవ్వాల్సింది మెట్ట, పల్లం కలిసే అంచుకు. వరద ఎక్కని మెరక మీద ఇల్లు, కాలు దించితే వరి పొలం, వెనక పశువుల మేత. ఏ పొరకు ఎంత తూకం ఎందుకిచ్చారో రాసిపెట్టండి. రాయని తూకాన్ని ఇంకొకరు పరీక్షించలేరు.

స్థలాలు తగినన్ని ఉంటే లాజిస్టిక్ రిగ్రెషన్ లేదా మాక్స్ఎంట్ అనే గణాంక పద్ధతి వాడండి. రెండింటికీ పోలిక కోసం అధ్యయన ప్రాంతమంతటా యాదృచ్ఛికంగా వెయ్యి బిందువులు చల్లి, స్థలాల దగ్గరా ఆ బిందువుల దగ్గరా ప్రతి పొర విలువ తీసుకోవాలి. ఈ పోలిక తూకాల పద్ధతిలోనూ చేయండి. పాత స్థలాల్లో నూటికి ఎనభై నదికి కిలోమీటరు లోపే ఉన్నాయని సంబరపడేముందు, నేలలో ఎంత భాగం నదికి కిలోమీటరు లోపు ఉందో చూడండి. అదీ నూటికి ఎనభై అయితే మనకు తెలిసింది ఏమీ లేదు.

ఆరో అడుగు: పరీక్ష

మ్యాపులో స్థలం దొరికే అవకాశాన్ని బట్టి ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు మండలాలు చేయండి. 1988లో పురావస్తు శాస్త్రవేత్త కెన్నెత్ క్వామె ఇచ్చిన ‘గెయిన్’ కొలత చిన్న లెక్కే. ఎక్కువ మండలం నేలలో ఎంత శాతమో, స్థలాల్లో ఎంత శాతాన్ని పట్టుకుందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఒకటి నుంచి తీసేయాలి. ఉదాహరణకు నేలలో 15 శాతం మండలం 60 శాతం స్థలాలను పట్టుకుంటే, ఒకటి నుంచి 0.25 తీసేస్తే 0.75. ఒకటికి దగ్గరైతే మోడల్ పనికొస్తుంది. సున్నాకు దగ్గరైతే కళ్ళు మూసుకుని వెతికినట్టే.

మోడల్‌కు నేర్పిన స్థలాలతోనే ఈ లెక్క వేస్తే మార్కులు ఎప్పుడూ బాగానే వస్తాయి. కొన్నిటిని పక్కన పెట్టి పరీక్షించాలి. వాటిని అక్కడొకటి ఇక్కడొకటిగా కాకుండా ప్రాంతం వారీగా తీయండి. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వరకు ఉన్న స్థలాలతో నేర్పి, హిరమండలం వైపు స్థలాలతో పరీక్షించండి. పక్కపక్కనే ఉన్న స్థలాలు ఒకదాని గుట్టు ఒకటి చెప్పేస్తాయి, ఆ పరీక్షకు విలువ ఉండదు.

ఏడో అడుగు: నడక

వరి కోసి, పెసలు ఇంకా నేల కప్పకముందు, లేదా తొలకరి దుక్కి మీద వాన పడ్డాక పొలాల్లో దిగాలి. రైతు అనుమతి ముందుగా తీసుకోండి. నలుగురైదుగురు పదిహేను మీటర్ల ఎడంలో వరుసగా నడుస్తూ, కనబడిన పెంకుల సంఖ్య, చోటు ఫోనులోని జీపీఎస్‌తో నమోదు చేయండి. ‘ఎక్కువ’ మండలంలోనే నడవకండి. తక్కువ మండలంలోనూ చీటీ తీసి కొన్ని గడులు ఎంచుకుని అంతే శ్రద్ధగా నడవాలి. అక్కడ నడవకుండా అక్కడ ఏమీ లేదనడానికి మనకు హక్కు లేదు. పరీక్షలో మోడల్ తప్పు చెబితే దాన్ని సరిదిద్దే సమాచారం వచ్చేది అక్కడినుంచే.

దిబ్బను గుర్తించడం ఎలా? వాన కడిగిన దుక్కి మీద పెంకులు మట్టి కంటే మెరుగ్గా కనిపిస్తాయి. ఒకటి తీసి విరిగిన అంచు చూడండి. లోపల నలుపు, బయట ఎరుపు ఉండి, అంచులు అరిగి గుండ్రబడితే అది చాలాకాలం నేలలో నలిగిందని అర్థం. అంచు పదునుగా ఉండి మెరుపు పూత ఉంటే నిన్నమొన్నటి కుండో, పింగాణీయో కావచ్చు. మూతి, అడుగు ముక్కలు కాలం తేల్చడానికి పనికొస్తాయి, నడుము ముక్కల నుంచి తెలిసేది తక్కువ. పొలంగట్టు కోత పడినచోట పక్కనుంచి చూడండి. బూడిదరంగు పట్టీ, దానిలో బొగ్గు రేణువులు, నత్తగుల్లలు, ఇప్పటి ఇటుకకు రెండింతల పొడవున్న ఇటుక ముక్కలు కనిపిస్తే మీరు పాత ఊరి పైన నిలబడి ఉన్నారు. ఫొటో తీసి, కొలిచి, అక్కడే వదిలేయండి. గట్టును గోకి లోపలికి వెళ్ళకండి.

ఎనిమిదో అడుగు: నమోదు, కాపాడడం

అనుమతి లేకుండా తవ్వకం నేరం. 1958 కేంద్ర చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం రెండూ పురావస్తు స్థలాలను కాపాడతాయి. కేంద్ర రక్షిత స్థలం చుట్టూ వంద మీటర్ల మేర నిర్మాణం నిషిద్ధం. నేలలో విలువైన వస్తువు దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. రైతుకు ఈ మాట మర్యాదగా, భయపెట్టకుండా చెప్పండి. పొలం లాగేసుకుంటారన్న భయం కలిగితే ఆయన రాత్రికి రాత్రే దిబ్బను చదును చేయిస్తాడు, అది తిరిగి రాదు.

కచ్చితమైన స్థానాలున్న మ్యాపును ఎక్కడా బహిరంగంగా పెట్టకండి. నిధుల వేటగాళ్ళు కూడా మ్యాపులు చదువుతారు. ఇతరులకు చూపే రూపంలో రెండు కిలోమీటర్ల గడులు చాలు. అసలు కోఆర్డినేట్లు పురావస్తు శాఖ కార్యాలయానికి, దగ్గరి విశ్వవిద్యాలయంలోని సంబంధిత విభాగానికి ఫొటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ దిబ్బ మట్టి తవ్వకం అంచున ఉందో ఆ ఉత్తరంలో మొదటి వాక్యంగా రాయండి, అధికారులు ముందు చూడవలసింది దాన్నే.

నడకలో కొత్తగా నిర్ధారించిన దిబ్బలను పట్టికలో చేర్చి, పెంకులు లేని గడులను కూడా ‘నడిచాం, లేవు’ అని చేర్చి, ఐదో అడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. రెండోసారి తూకాలు మారతాయి. ఏవి ఎందుకు మారాయో పాత తూకాల పక్కనే రాయండి. చంపావతి మీద పని చేయబోయే మరో బృందానికి ఇవన్నీ రాసుకున్న ఆ నోటుపుస్తకం మీ మ్యాపు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.